మేడమీద రిపీటర్‌కి ఫుల్ సిగ్నల్, నెట్ మాత్రం నడవట్లేదు – బ్రాడీపేట, జీ+1 ఇల్లు

#1 · బ్రాడీపేట_మేడగది
నమస్తే అండి. గుంటూరు బ్రాడీపేటలో జీ+1 ఇల్లు. ఫైబర్ లైను కింద ముందు హాల్లోకి వచ్చింది. ఫైబర్ బాక్స్ టీవీ పక్కన గోడకి ఉంది. ప్లాన్ 150 ఎంబీపీఎస్. హాల్లో ఫోన్‌లో 5 గిగాహెర్ట్జ్ మీద 140 దాకా వస్తోంది. మేడమీద వెనక పడకగదిలో సిగ్నల్ దాదాపు లేదు. ఆ గదిలో ప్లగ్గుకి ఏసీ1200 రకం డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న) రిపీటర్, అంటే రౌటర్ సిగ్నల్ అందుకుని మళ్లీ పంచే పెట్టె, పెట్టాం. ఫోన్‌లో గీతలు నిండుగా ఉంటాయి కానీ స్పీడ్ 6 నుంచి 8 మధ్యే. వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంది. కరెంటు పోయి వచ్చిన తర్వాత చాలాసార్లు "కనెక్టెడ్, ఇంటర్నెట్ లేదు" అని చూపిస్తుంది. రిపీటర్ తీసి మళ్లీ పెడితే సర్దుకుంటుంది. రిపీటర్ మార్చాలా, మెష్ (కలిసి పనిచేసే వైఫై బాక్సుల సెట్) కొనాలా, కేబుల్ లాగించాలా?

#2 · పటమట_నెట్‌వర్క్
ఇప్పుడే ఏదీ కొనకండి. మీరు చెప్పినదాంట్లో రెండు వేరు వేరు సమస్యలు కనబడుతున్నాయి. స్పీడ్ తగ్గడం ఒకటి, కరెంటు వచ్చాక నెట్ లేకపోవడం ఇంకొకటి. ముందు ఈ కొలతలు తీసి పెట్టండి.

మొదట ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా ఫైబర్ బాక్స్‌కి కలిపి స్పీడ్ చూడండి. 94 దగ్గర ఆగితే అది 100 ఎంబీపీఎస్ పోర్టు అయినా అయ్యుండాలి, కేబుల్‌లో 8 తీగల్లో కొన్ని కలవకపోయినా అయ్యుండాలి.

తర్వాత వైఫై అనలైజర్ లాంటి యాప్‌లో హాల్లోనూ, మెట్ల మలుపులోనూ, పడకగదిలోనూ మెయిన్ రౌటర్ (అంటే ఆ ఫైబర్ బాక్సే) సిగ్నల్ ఎన్ని డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం) ఉందో రాసుకోండి. 2.4 వేరుగా, 5 వేరుగా. రిపీటర్ ఆపేసి చూడాలి, లేకపోతే దాని సిగ్నల్‌నే కొలుస్తారు. ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌లు 2 నిమిషాల్లో 4 సార్లే స్కాన్ చేయగలవు కాబట్టి ప్రతి చోటా కాసేపు నిలబడి, అంకె కుదురుకున్నాకే రాయండి. ఐఫోన్ అయితే ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసి, ఫోన్ సెట్టింగ్స్‌లో దాని కింద వైఫై స్కానర్ ఆన్ చేయాలి.

రిపీటర్ మళ్లీ పెట్టాక, దానికి కలిసిన ల్యాప్‌టాప్ నుంచి 192.168.1.1 కి, అంటే మీ ఫైబర్ బాక్స్‌కి, ఓ 5 నిమిషాలు పింగ్ (చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష) నడపండి. బయట సర్వర్‌కి కాదు. ఇంట్లో తేడా ఉందా, లైన్‌లో ఉందా అన్నది దీంతోనే తేలుతుంది.

ఇంకొకటి ముఖ్యం. "ఇంటర్నెట్ లేదు" అని చూపించినప్పుడు రిపీటర్ తీసేయకుండా, ముందు ఫోన్‌లో ఆ వైఫై వివరాల్లోకి వెళ్లి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఫోన్‌కి ఇచ్చిన నంబరు), గేట్‌వే (బయటకి దారి ఇచ్చే పరికరం అడ్రస్) ఏమున్నాయో స్క్రీన్‌షాట్ తీయండి.

#3 · గవర్నర్‌పేట_కేబులింగ్
కొలతలు రాకముందే ఒక మాట. రిపీటర్‌ని సిగ్నల్ లేని గదిలో పెడితే అది రిపీట్ చేయడానికి దాని దగ్గర ఏముంటుంది? ఫోన్‌లో నిండుగా కనిపించే గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య సంగతి. రిపీటర్‌కీ కింద బాక్స్‌కీ మధ్య ఎలా ఉందో ఆ గీతలు చెప్పవు. మెట్ల మలుపు దగ్గర పెట్టి చూడండి. మన ఇళ్లలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, కడ్డీలున్న శ్లాబు. సిగ్నల్ ఆ శ్లాబు నుంచి దూరడం కష్టం, మెట్ల ఖాళీ నుంచి ఎక్కడం తేలిక.

#4 · బ్రాడీపేట_మేడగది
కొలతలు:
కేబుల్‌తో నేరుగా బాక్స్ దగ్గర 148.
హాలు: 5 గిగా -41, 2.4 గిగా -36.
మెట్ల మలుపు: 5 గిగా -66, 2.4 గిగా -57.
పడకగది: 5 గిగా -88, 2.4 గిగా -79.
పడకగది రిపీటర్ నుంచి 192.168.1.1 కి పింగ్: తక్కువలో 4 మిల్లీసెకన్లు, ఎక్కువలో 700 దాటింది, మధ్యలో "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" కూడా.
కరెంటు వచ్చాక ఇంటర్నెట్ లేదన్నప్పుడు ఫోన్ ఐపీ 192.168.0.101, గేట్‌వే 192.168.0.254.

#5 · పటమట_నెట్‌వర్క్
సరిపోయింది, రెండూ తేలిపోయాయి.

ఫైబర్ బాక్స్, లైను బాగానే ఉన్నాయి. పడకగదిలో రిపీటర్‌కి అందుతున్నది 2.4 మీద -79. వీడియో కాల్‌కి -67 కన్నా బలంగా ఉండాలని లెక్క. -79 దగ్గర రేడియో అతి తక్కువ వేగానికి దిగిపోతుంది, పోయిన ప్యాకెట్లు మళ్లీ మళ్లీ పంపుతుంది. పింగ్ 700కి ఎగరడం అందుకే. పైగా అదే 2.4 ఛానల్ మీద కింద నుంచి తీసుకుని, అదే ఛానల్ మీద ఫోన్‌కి ఇవ్వాలి. ఒకేసారి రెండు పనులూ చేయలేదు కాబట్టి ఉన్నదాంట్లో సగం పోతుంది. మిగిలేది మీరు చూస్తున్న 6–8.

మెట్ల మలుపు దగ్గర 5 గిగా -66 ఉంది కాబట్టి రిపీటర్ అక్కడికి మార్చండి. దాని సెట్టింగ్స్‌లో మెయిన్ రౌటర్‌తో లింకు 5 గిగా మీదే ఉండేలా పెట్టండి. కొన్నిట్లో దీన్ని హై స్పీడ్ మోడ్ అంటారు. అప్పుడు కింద నుంచి 5 మీద తీసుకుని పడకగదికి 2.4 మీద ఇస్తుంది, సగం పోయే బాధ తగ్గుతుంది. లింకు 300 పైన నిలబడితే చాలు.

ఇక రెండోది. మీ బాక్స్ ఇచ్చే ఐపీలు 192.168.1 తో మొదలవుతాయి. ఫోన్‌కి వచ్చింది 192.168.0 తో మొదలైంది, గేట్‌వే రిపీటర్ సొంత అడ్రస్. కరెంటు రాగానే రిపీటర్ అర నిమిషంలో లేస్తుంది. ఫైబర్ బాక్స్ లేచి, ఆప్టికల్ లైను పట్టుకుని, వైఫై ఇచ్చేసరికి 2–3 నిమిషాలు పడుతుంది. ఈలోగా మెయిన్ రౌటర్ కనపడక రిపీటర్ తనే డీహెచ్‌సీపీ పనికి దిగి ఫోన్‌లకి అడ్రసులు పంచేస్తుంది. ఆ అడ్రసు పట్టుకున్న ఫోన్‌కి బయటకి దారి లేదు. రిపీటర్ పేజీలో డీహెచ్‌సీపీ "ఆటో" అని ఉంటుంది, దాన్ని "ఆఫ్" చేయండి. ఆ తర్వాత రిపీటర్ పేజీ తెరవాలంటే దానికి 192.168.1.250 లాంటి స్థిర అడ్రసు ఇవ్వండి. బాక్స్ డీహెచ్‌సీపీ పంచే వరసలో ఆ అంకె లేకుండా చూసుకోండి. బాక్స్ 1.2 నుంచి 1.254 దాకా పంచుతుంటే ఆ వరసని 1.100–1.200 కి కుదించండి.

#6 · బ్రాడీపేట_మేడగది
మెట్ల మలుపులో ప్లగ్గు లేదండి. మెట్ల లైటు స్విచ్ బోర్డు మాత్రం ఉంది. అందులో సాకెట్ వేయించవచ్చా?

#7 · కొరిటెపాడు_ఎలక్ట్రికల్
లోడ్ పరంగా ఇబ్బంది లేదండి, రిపీటర్ తినేది 10 వాట్ల లోపే. కానీ మెట్ల లైటు అంటే కిందా పైనా స్విచ్‌లుండే టూ వే వైరింగ్. ఆ బోర్డుల్లో చాలావరకు ఫేజూ, రెండు ట్రావెలర్ తీగలే (రెండు స్విచ్‌లనీ కలిపేవి) ఉంటాయి. న్యూట్రల్ నేరుగా లైటు హోల్డర్‌కి పోతుంది, బోర్డులోకి దిగదు. న్యూట్రల్ లేదని ఎర్త్ తీగ కలిపి సాకెట్ నడిపించొద్దు. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే ఆపేసే స్విచ్) ఉంటే ట్రిప్ అవుతుంది, లేకపోతే ఎర్త్‌లోకి కరెంటు పోతూ ఇనప వస్తువులు షాక్ కొట్టే ప్రమాదం ఉంది. పై హాలు బోర్డు నుంచి ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ కొత్తగా లాగించి 6 ఆంప్స్ సాకెట్ వేయించండి.

లాగించేటప్పుడే ఇన్వర్టర్ లైన్ నుంచి తీసుకోండి. ఫైబర్ బాక్స్ ఇన్వర్టర్ మీద ఉండి రిపీటర్ మామూలు లైను మీద ఉన్నా, దానికి తిరగేసి ఉన్నా, కరెంటు పోయిన ప్రతిసారీ ఒకటి ఆగుతుంది. ఇన్వర్టర్ వెనక మోడ్ స్విచ్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో మారే సమయం ఎక్కువ, ఫ్యాన్లకి తెలియదు కానీ రౌటర్లు రీస్టార్ట్ అవుతాయి. యూపీఎస్ మోడ్‌లో పెట్టినా రీస్టార్ట్ అవుతుంటే ఫైబర్ బాక్స్‌కి విడిగా 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. కొనే ముందు బాక్స్ అడాప్టర్ మీద వోల్టేజీ, ఆంప్స్ చదవండి. 12 వోల్టులు 1 ఆంప్ వాటికీ, 1.5, 2 ఆంప్స్ వాటికీ తేడా ఉంది. 9 వోల్టుల బాక్స్‌కి 12 ఇస్తే పాడవుతుంది.

#8 · సత్యనారాయణపురం_3వఅంతస్తు
ఇదే దారంలో నాదీ అడుగుతాను. విజయవాడ సత్యనారాయణపురం, అపార్ట్‌మెంట్. కంపెనీ ఇచ్చిన బాక్స్ ఉండగా వెనక గదికి పాత రౌటర్ ఒకటి కేబుల్‌తో కలిపాం. వెనక గదిలో నెట్ వస్తుంది. కానీ ఫోన్ వెనక గది వైఫైలో ఉంటే హాల్లో ప్రింటర్ కనపడదు, టీవీకి క్యాస్ట్ కాదు. కొన్నిసార్లు ఆ రౌటర్‌లో నెట్ పూర్తిగా పోతుంది.

#9 · పటమట_నెట్‌వర్క్
కేబుల్ పాత రౌటర్ వ్యాన్ పోర్టులో (బయట నెట్ లోపలికి వచ్చే పోర్టు) గుచ్చి ఉంటారు, సాధారణంగా నీలం రంగులో ఉండేది. అలా పెడితే వెనక గది వేరే నెట్‌వర్క్ అయిపోతుంది. బాక్స్ ఒకసారి, పాత రౌటర్ ఒకసారి, రెండు చోట్ల అడ్రసు మార్పిడి జరుగుతుంది. దీన్నే డబుల్ న్యాట్ అంటాం. ప్రింటర్లూ టీవీలూ తమని తాము చాటుకునే సందేశాలు ఆ రెండో రౌటర్ దాటి రావు. రెండు రౌటర్లూ 192.168.1.1 మీదే ఉంటే నెట్ పోవడం కూడా జరుగుతుంది.

సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (కేబుల్‌తో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇవ్వడం మాత్రమే చేసేది) ఉంటే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే చేత్తో చేసుకోవాలి. పాత రౌటర్‌ని బాక్స్ నుంచి విడదీసి ల్యాప్‌టాప్‌కి మాత్రమే కలపండి. మొదట దాని లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) ఐపీ 192.168.1.2 చేయండి, తర్వాత డీహెచ్‌సీపీ ఆఫ్ చేయండి. ఈ వరస తప్పితే, అంటే ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే, ల్యాప్‌టాప్‌కి అడ్రసు రాక ఆ పేజీలోకే వెళ్లలేరు. అలా అయితే, పాత రౌటర్ అడ్రసు 192.168.1.1 అయితే, ల్యాప్‌టాప్‌కి 192.168.1.50, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 చేత్తో ఇచ్చి లోపలికి వెళ్లండి. చివర్లో బాక్స్ నుంచి వచ్చే కేబుల్‌ని వ్యాన్‌లో కాకుండా ఏదో ఒక లాన్ పోర్టులో పెట్టండి. వ్యాన్ ఖాళీగా ఉంటుంది.

ఇంతా చేశాక కూడా ప్రింటర్ కనపడకపోతే గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నారేమో, ఏపీ ఐసొలేషన్ ఆన్‌లో ఉందేమో చూడండి. రెండూ పక్క పరికరాలను దాచేస్తాయి.

#10 · బ్రాడీపేట_మేడగది
సాకెట్ వేయించి రిపీటర్ మెట్ల మలుపులో పెట్టాం, లింకు 5 గిగా మీద, డీహెచ్‌సీపీ ఆఫ్. పడకగదిలో పొద్దున 55 నుంచి 60 వస్తోంది. కరెంటు పోయి వచ్చినా నెట్ వస్తోంది. రాత్రి 8 దాటాక మాత్రం 15కి పడిపోతోంది. ఒక్కోసారి రిపీటర్ లింకు లైటు ఎర్రగా అయి, కాసేపటికి మళ్లీ వస్తోంది.

#11 · పటమట_నెట్‌వర్క్
ఎర్ర లైటూ, రాత్రి స్పీడ్ తగ్గడమూ రెండిటికీ ఛానలే కారణం అయ్యుండొచ్చు. బాక్స్‌లో ఛానల్ ఆటోలో ఉంటే అది మారినప్పుడల్లా రిపీటర్ తెగిపోయి మళ్లీ వెతుక్కోవాలి. 5 గిగాలో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి. బాక్స్ వాటిలోకి వెళ్తే ముందు 60 సెకన్లు మౌనంగా వినాలి, రాడార్ వినపడితే వదిలేసి పోవాలి. చాలా రిపీటర్లకి ఆ ఛానళ్లు కనపడనే కనపడవు. 36 గానీ 149 గానీ స్థిరంగా పెట్టండి, వెడల్పు 80 మెగాహెర్ట్జ్.

2.4 గిగాలో 1, 6, 11 మాత్రమే ఒకదాని మీద ఒకటి పడవు. చుట్టూ ఇళ్లున్న చోట వెడల్పు 20 లోనే ఉంచండి. 40 పెడితే రెండు ఛానళ్ల రద్దీ నెత్తిన పడుతుంది. 3, 4, 9 ఖాళీగా కనిపించినా వద్దు. ఆ మధ్యలో కూర్చుంటే రెండు పక్కల వాళ్లూ మీకు అడ్డమే, మీరూ వాళ్లకి అడ్డమే.

బాక్స్ సెట్టింగ్స్‌కి కంపెనీ తాళం వేసి ఉంటే కస్టమర్ కేర్‌లో అడిగి మార్పించుకోండి. వాళ్లు మార్చం అంటే బ్రిడ్జ్ మోడ్ అడగండి. బాక్స్ కేవలం లైను ఇస్తుంది, పీపీపీఓఈ (కంపెనీ లైనులోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ మీ సొంత రౌటర్‌లో వేసుకోవచ్చు. కొన్ని లైన్లకి వీల్యాన్ నంబర్ కూడా కావాలి. బ్రిడ్జ్‌కి మార్చే ముందే ఆ వివరాలు రాసిపెట్టుకోండి, లేకపోతే ఇల్లంతా నెట్ లేకుండా కూర్చోవాల్సి వస్తుంది.

#12 · గుణదల_మెష్
ఇంత సర్దుబాటు ఎందుకు, మూడు బాక్సుల మెష్ పెట్టేస్తే సరిపోదా?

#13 · గవర్నర్‌పేట_కేబులింగ్
మెష్ బాక్సులు కూడా మధ్యలో గాలిలోనే మాట్లాడుకుంటాయండి. రెండో బాక్స్‌ని ఆ పడకగదిలోనే పెడితే అదే -88 కథ. మూడు బ్యాండ్లు ఉన్న మెష్‌లో ఒక 5 గిగా రేడియో వాటి మధ్య లింకుకే ఉంటుంది కాబట్టి మెరుగు. రెండు బ్యాండ్ల మెష్ మంచి రిపీటర్ లాంటిదే, ఒకే యాప్‌లో సర్దుకోవచ్చు అంతే. మెష్ నిజంగా పనిచేసేది బాక్సుల మధ్య కేబుల్ ఉన్నప్పుడు. కేబుల్ వేశాక మామూలు యాక్సెస్ పాయింట్ కూడా దాదాపు అంతే బాగా పనిచేస్తుంది. నా సలహా ఎప్పుడూ ఒకటే: కేబుల్ వేయగలిగిన చోట కేబుల్ వేయండి, వేయలేని చోటే గాలి మీద ఆధారపడండి.

బ్రాడీపేట గారూ, మీ ఇంటికి కేబుల్ పెద్ద పని కాదు. హాలు గోడ నుంచి బయటకి తీసి, పక్క గోడ మీద పైకెక్కించి, పడకగది కిటికీ పక్కన లోపలికి తేవచ్చు. దారంతా టేపుతో కొలిచి రెండు చివర్లా మూడేసి అడుగులు ఎక్కువ కలపండి. ఇంకొన్ని సంగతులు.

కేబుల్ క్యాట్6, పూర్తి రాగి అని అడిగి తీసుకోండి. చవగ్గా వచ్చేది రాగి పూత పూసిన అల్యూమినియం. తీగని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనపడుతుంది. అది వంచితే విరుగుతుంది, కరెంటు కూడా అందులోనే పంపే పీఓఈకి పనికిరాదు, వేడెక్కుతుంది.

బయట గోడ మీద వెళ్లేది నల్లటి పాలిథిలిన్ తొడుగు ఉన్న అవుట్‌డోర్ రకం కావాలి. లోపల వాడే బూడిదరంగు పీవీసీ కేబుల్ మన ఎండకి పెళుసెక్కి పగులుతుంది. అవుట్‌డోర్ దొరక్కపోతే 25 ఎంఎం పైపులో వేయండి. గోడలోకి దూరే చోట రంధ్రం లోపల నుంచి బయటకి కిందకి వాలుగా పడాలి, కేబుల్ దూరే ముందు ఒక వంపు కిందకి వేలాడాలి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, గోడలోకి రావు.

కరెంటు వైర్లున్న పైపులో డేటా కేబుల్ వేయొద్దు. పక్కపక్కన వెళ్లాల్సి వస్తే కనీసం అరడుగు దూరం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. మూలల్లో కేబుల్‌ని మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పండి. క్లిప్పులు నలిగేలా కొట్టొద్దు.

చివర్లు రెండు పక్కలా ఒకే వరసలో ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. 8 తీగలూ కలిస్తేనే 1000 ఎంబీపీఎస్. 1, 2, 3, 6 మాత్రమే కలిసినా లింకు వస్తుంది కానీ 100 దగ్గర ఆగుతుంది. గోడలో ఉండే గట్టి తీగ కేబుల్‌కి నేరుగా ప్లగ్గు కొట్టే బదులు రెండు చివర్లా గోడ బాక్స్‌లో కీస్టోన్ జాక్ (నెట్ కేబుల్ గుచ్చే సాకెట్) పెట్టించండి. అక్కడి నుంచి పరికరానికి రెడీమేడ్ ప్యాచ్ కేబుల్ వాడండి. చివర్లు కొట్టిన మనిషి వెళ్లే ముందే టెస్టర్‌లో 8 లైట్లు వరసగా వెలిగించి చూపించమనండి.

#14 · మొగల్రాజపురం_కొండపక్క
కేబుల్ అక్కర్లేకుండా కరెంటు వైర్లలోనే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు వాడొచ్చు కదా? గోడలు తవ్వే పని ఉండదు.

#15 · కొరిటెపాడు_ఎలక్ట్రికల్
ఒకే ఫేజ్ మీద, ఒకే మీటర్ కింద ఉంటే కొంతవరకు పనిచేస్తాయి. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో కింద ఒక ఫేజ్, మేడ ఇంకో ఫేజ్ ఇచ్చి ఉంటారు. అప్పుడు సిగ్నల్ దాటదు, దాటినా బలహీనంగా ఉంటుంది. ఇన్వర్టర్ లైను వేరు, మామూలు లైను వేరు అయినా ఇదే ఇబ్బంది. సర్జ్ ప్రొటెక్షన్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చితే అందులోని ఫిల్టరే సిగ్నల్‌ని మింగేస్తుంది. తప్పనిసరైతే రెండు అడాప్టర్లనీ గోడ సాకెట్లలోనే పెట్టి చూడండి. మీ కొండవైపు రాతి గోడల ఇళ్లకి నేనైతే కేబులే చెప్తాను.

#16 · నల్లపాడు_షెడ్డు
నల్లపాడు వైపు మిర్చి గోడౌన్. ఆఫీసు గదిలో నెట్ ఉంది. 140 మీటర్ల దూరంలో వేబ్రిడ్జి గదిలో కంప్యూటర్‌కి, సీసీ కెమెరాలకి నెట్ కావాలి. మధ్యలో లారీలు నిలుస్తాయి. రిపీటర్‌తో అవుతుందా?

#17 · పటమట_నెట్‌వర్క్
ఇంట్లో వాడే రిపీటర్ ఆ దూరానికి కాదండి. రాగి కేబుల్ కూడా వద్దు, ఈథర్నెట్‌కి హద్దు 100 మీటర్లు. రెండు దారులున్నాయి.

ఒకటి ఫైబర్. సింగిల్ మోడ్ అవుట్‌డోర్ ఫైబర్ 150 మీటర్లు, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్ సిగ్నల్‌ని రాగి కేబుల్‌కి మార్చే పెట్టెలు). ఒకే ఫైబర్ పోగు వాడే జత అయితే ఒకటి 1310 నానోమీటర్ల కాంతి పంపి 1550 తీసుకునేది, రెండోది 1550 పంపి 1310 తీసుకునేది అయ్యుండాలి. రెండూ ఒకే రకం తెస్తే లింకు రానే రాదు, ఇది తరచూ జరిగే పొరపాటు. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ఒక షెడ్డు దగ్గర పిడుగు పడినా ఆ తాకిడి కేబుల్ వెంట రెండో వైపుకి పోదు. బయట వేసే పనికి ఇదే నా మొదటి ఎంపిక.

రెండోది 5 గిగాహెర్ట్జ్ అవుట్‌డోర్ బ్రిడ్జి జత. ఒకదాన్నొకటి చూడాలి, మధ్యలో ఏదీ అడ్డం రాకూడదు. 140 మీటర్లకి 5.8 గిగా మీద మధ్య రేఖ చుట్టూ దాదాపు 1.35 మీటర్ల వ్యాసార్థం మేర ఖాళీ ఉండటం మంచిది, కనీసం అందులో 60 శాతం. అందువల్ల లోడెత్తిన లారీ కన్నా బాగా పైన, 20 అడుగుల ఎత్తు పైపుకి బిగించండి. పీఓఈ అడాప్టర్ సంగతి చూసుకోండి. ఈ బ్రిడ్జిల్లో చాలావాటికి 24 వోల్టుల ప్యాసివ్ పీఓఈ వస్తుంది. కెమెరాలకి వాడే 48 వోల్టుల 802.3ఏఎఫ్ స్విచ్ వేరు, ఒకదాని బదులు ఒకటి వాడొద్దు. పైపుకి ఎర్తింగ్ తప్పనిసరి.

కోల్డ్ స్టోరేజీ గదుల లోపల కూడా వైఫై కావాలంటే లోపల విడిగా యాక్సెస్ పాయింట్ పెట్టాలి. ఆ ఇన్సులేషన్ ప్యానెళ్లకి రెండు వైపులా లోహపు రేకు ఉంటుంది, బయట నుంచి సిగ్నల్ దూరదు.

#18 · బ్రాడీపేట_మేడగది
కేబుల్ వేయించాం, గవర్నర్‌పేట గారు చెప్పినట్టే గోడ బాక్సులు పెట్టారు, టెస్టర్‌లో 8 వెలిగాయి. పడకగదిలో కేబుల్ చివర అదే రిపీటర్ పెట్టాం. పెట్టిన రెండు నిమిషాల్లో ఇల్లంతా నెట్ ఆగిపోయింది. హాల్లో కూడా. బాక్స్ మీద లాన్ లైటు ఆగకుండా గబగబా కొట్టుకుంటోంది. కేబుల్ తీస్తే మళ్లీ వస్తోంది.

#19 · గవర్నర్‌పేట_కేబులింగ్
రిపీటర్ ఇంకా రిపీటర్ మోడ్‌లోనే ఉంది. గాలిలోనూ బాక్స్‌కి కలిసింది, కేబుల్‌తోనూ కలిసింది. ఒక వలయం ఏర్పడి బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు అందులో తిరుగుతూ పెరిగిపోతున్నాయి. కేబుల్ తీసేసి, రిపీటర్‌ని రీసెట్ చేసి, యాక్సెస్ పాయింట్ మోడ్ ఎంచుకుని, ఆ తర్వాతే కేబుల్ పెట్టండి. మెష్ బాక్సులకి కేబుల్ కలిపేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది: ఆ మెష్ వైర్డ్ బ్యాక్‌హాల్ (బాక్సుల మధ్య లింకు కేబుల్ మీద నడవడం) సపోర్ట్ చేస్తుందో లేదో ముందు చూడాలి. ఒక గదికి రెండు కేబుళ్లు లాగించి రెండూ ఒకే స్విచ్‌లో గుచ్చినా ఇదే జరుగుతుంది.

ఇంకో మాట. మీ రిపీటర్ కింద ఉన్న పోర్టు 10/100 రకం అయితే కేబుల్ ఎంత మంచిదైనా 94 దాటదు.

#20 · బ్రాడీపేట_మేడగది
మోడ్ మార్చాక నిలబడింది. పడకగదిలో 93. మీరన్నట్టు పోర్టు 10/100 అని స్పెసిఫికేషన్‌లో ఉంది. రిపీటర్‌ని మళ్లీ మెట్ల దగ్గరకి తీసుకెళ్లి, పడకగదికి గిగాబిట్ పోర్టున్న యాక్సెస్ పాయింట్ కొనాలా?

#21 · పటమట_నెట్‌వర్క్
ప్లాన్ 150 కాబట్టి కొంటే తేడా తెలుస్తుంది, 100 ప్లాన్ అయితే వద్దనేవాణ్ని. పెట్టె మీద "300 ఎంబీపీఎస్" అనో "ఏసీ1200" అనో పెద్దగా ఉన్నది చూసి కొనొద్దు. అది గాలిలో వేగం లెక్క, ఏసీ1200 అయితే రెండు బ్యాండ్లూ కలిపినది. కింద చిన్న అక్షరాల్లో పోర్టు 10/100/1000 అని ఉందో లేదో చూడండి. మెట్ల దగ్గర రిపీటర్ అవసరం లేదు, పడకగదిలో యాక్సెస్ పాయింట్ ఉన్నాక అది గాలిలో రద్దీ పెంచడమే.

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం కిందా పైనా ఒకటే పెట్టండి. ఛానళ్లు మాత్రం వేరు: కింద 5 గిగా 36 అయితే పైన 149, కింద 2.4 లో 1 అయితే పైన 6 గానీ 11 గానీ. పాత ప్రింటర్, టీవీ, స్మార్ట్ ప్లగ్గులు ఉంటే సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఉంచండి. డబ్ల్యూపీఏ3 మాత్రమే పెడితే అవి కలవవు.

#22 · మొగల్రాజపురం_కొండపక్క
యాక్సెస్ పాయింట్‌ని టెర్రస్ మీద రేకుల గదిలో పెడితే మేడంతా కవర్ అవుతుందనుకుంటున్నాను. ఏమైనా ఇబ్బందా?

#23 · గవర్నర్‌పేట_కేబులింగ్
వద్దండి. ఇంట్లో వాడే రౌటర్లకి చుట్టూ గాలి 40 డిగ్రీలు దాటకూడదని కంపెనీలే స్పెసిఫికేషన్‌లో రాస్తాయి. మే నెలలో మన దగ్గర నీడలోనే 40 దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. వేడెక్కిన రేడియో పవర్ తగ్గించుకుంటుంది, హ్యాంగ్ అవుతుంది, అడాప్టర్‌లో కెపాసిటర్లు ఉబ్బుతాయి. మధ్యాహ్నం తెగిపోయి రాత్రి బాగుండే వైఫైకి చాలావరకు ఇదే కారణం. మేడ లోపల సీలింగ్‌కి బిగించండి. బీరువా వెనకా, ఫ్రిజ్ పక్కనా, అద్దం వెనకా వద్దు. టెర్రస్ మీదే కావాలంటే ఎండకీ వానకీ తట్టుకునే అవుట్‌డోర్ రకం పీఓఈతో పెట్టండి, కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట సర్జ్ అరెస్టర్ పెట్టి దాన్ని ఇంటి ఎర్త్‌కి కలపండి.

#24 · బ్రాడీపేట_మేడగది
గిగాబిట్ యాక్సెస్ పాయింట్ పెట్టాం. పడకగదిలో 5 గిగా మీద 138, పింగ్ 2 నుంచి 5 మధ్య, రాత్రి కూడా అంతే. ఒక్కటి మిగిలింది: హాల్లో ఉన్న ఫోన్ పట్టుకుని మేడెక్కితే చాలాసేపు కింద వైఫైనే పట్టుకుని ఉంటుంది. వైఫై ఆపి ఆన్ చేస్తే పైదానికి మారుతుంది.

#25 · పటమట_నెట్‌వర్క్
ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, రౌటర్ కాదు. కింద సిగ్నల్ మరీ పాడయ్యేదాకా చాలా ఫోన్లు వదలవు. కింద బాక్స్‌లో ట్రాన్స్‌మిట్ పవర్ ఉంటే "మీడియం" చేయండి, ముఖ్యంగా 2.4 ది. ఎందుకంటే పడకగదిలో ఫోన్ పట్టుకుని వేలాడేది ఆ -79 2.4 నే. అది -85 అయితే వదిలేస్తుంది. పవర్ తగ్గించాక కింద వంటింట్లో, వెనక వసారాలో సిగ్నల్ -67 కన్నా బలంగానే ఉందో లేదో మళ్లీ కొలవండి. లేకపోతే ఒక మెట్టు పెంచండి.

రెండిట్లోనూ 802.11కే, వీ అనే సెట్టింగులు ఉంటే ఆన్ చేయండి, ఫోన్‌కి పక్క యాక్సెస్ పాయింట్ ఏదో చెప్తాయి. 802.11ఆర్ (ఫోన్ త్వరగా మారడానికి ఉన్నది) మాత్రం వేరు కంపెనీల పరికరాల మధ్య సాధారణంగా పనిచేయదు, పాత ఫోన్లు, ప్రింటర్లు దాంతో కలవలేక తిప్పలు పెడతాయి. మీ దగ్గర బాక్స్ ఒక కంపెనీది, యాక్సెస్ పాయింట్ ఇంకో కంపెనీది కాబట్టి అది ఆఫ్‌లోనే ఉంచండి.